మూడో గేటు పక్కన కుట్టుమిషను

మా అత్తయ్య కుట్టుమిషను మీద కప్పే పట్టా ఒకటుంది. వానకి తడవదు, ఎండకి వెలవదు. దాని మీద ఆవిడ మొహమే ఉంటుంది, పగలబడి నవ్వుతూ. ఒక్కో కన్ను నా అరచెయ్యంత. చూసినవాళ్ళు "ఏంటమ్మా, ఎన్నికల్లో నిలబడ్డావా?" అని వేళాకోళం చేస్తుంటారు. ఆవిడ తలెత్తకుండా మిషను తొక్కుకుంటూ పోతుంది. ఆ పట్టా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే పని నాది. చెప్పేటప్పుడు నా గొంతు లేస్తే ఏమీ అనుకోకండి. ఇన్నేళ్ళయినా ఆ ఎండాకాలం గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

ప్రపంచ ఆటల పోటీలు మా ఊళ్ళో జరుగుతాయని అంతకు రెండేళ్ళ ముందు నుంచే ఒకటే హడావిడి. రోడ్లు తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు. మాకు స్టేడియం కొత్తేం కాదు. దాని ప్రహరీగోడకి ఆనుకుని, మూడో గేటు పక్కన, మా అత్తయ్య ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటోంది. జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది, ఆటల జట్ల చొక్కాల వెనక అంకెలు కుడుతుంది. ఆవిడకి ఇటుపక్క తాళాలాయన, అటుపక్క గొడుగులు బాగుచేసే అక్క, అలా గోడ పొడుగునా నలభై దుకాణాలు. రోడ్డుకి ఈవలివైపు నా ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలు, దరఖాస్తు ఫోటోలు నా పని. స్టూడియో పైన రెండు గదుల్లో మా కాపురం. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు.

అత్తయ్యకీ నాకూ పొద్దున లేచింది మొదలు మాటకి మాట. నేను పెట్టిన టీ ఆవిడకి చల్లగా ఉంటుంది, ఆవిడ పెట్టిన దువ్వెన నాకు కనపడదు. బయటివాళ్ళు తగువనుకునేవాళ్ళు గానీ, మా కబుర్లే అవి. మా ఆయనకి మాత్రం బస్సు హారన్లలోనే ప్రశాంతంగా ఉండేదట.

ఒకరోజు స్టూడియోకి ఒకతను వచ్చాడు. మెళ్ళో వెడల్పాటి పట్టీ, దానికి నాలుగు కార్డులు వేలాడుతున్నాయి. ఆటల కమిటీ మనిషినన్నాడు. తర్వాత మేమంతా అతన్ని కార్డులబాబు అనేవాళ్ళం.

"మేడమ్, స్టేడియం అంటే ఆటగాళ్ళే కాదు కదా. దాని చుట్టూ బతికే మామూలు మనుషులు కూడా లోకానికి తెలియాలి. ఈ రోడ్డు మీద పనిచేసే వాళ్ళందరి ఫోటోలూ మీరే తియ్యాలి. నవ్వుతూ ఉండాలి. చరిత్రలో మిగిలిపోతాయి" అన్నాడు.

నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఎందుకవ్వను? పద్దెనిమిదేళ్ళుగా నేను జనానికి చెప్పింది ఒకటే మాట. 'నవ్వకండి, చెవులు కనపడాలి.' ఇప్పుడు నవ్వించమంటున్నాడు. అదీ చరిత్ర కోసం.

"ఒక్కటే షరతు మేడమ్. వెనక తెల్లగా ఉండాలి."

"తెలుపు నాకు కొట్టిన పిండి" అన్నాను గొప్పగా.

నా దగ్గర తెల్లగుడ్డ ఒకటుండేది, మంచం దుప్పటికి రెండింతలు. పైనా కిందా కర్రలు దూర్చడానికి గొట్టంలా మడిచి, నాలుగు అంచులూ అత్తయ్యే కుట్టి ఇచ్చింది. దుకాణాలు వదిలి ఎవరూ రామన్నారు, బేరాలు పోతాయని. దాంతో గుడ్డ భుజాన వేసుకుని నేనే గోడ దగ్గరికి వెళ్ళాను. ఎవరి దుకాణం ముందు వాళ్ళని కూర్చోబెట్టి, వెనక గుడ్డ దించి, తీశాను. నాకో అలవాటుంది. గుడ్డ దించకముందు వెలుతురు చూసుకోవడానికి ఒక ఫోటో తీస్తాను. దాన్ని ట్రయల్ అంటాం. సాయంత్రం కాగానే ట్రయల్స్ అన్నీ తుడిచేస్తాను. చెత్త దాచుకోవడం నాకు గిట్టదు.

అందరూ నవ్వారు గానీ అత్తయ్య నవ్వదే! బిగుసుకుపోయి కూర్చుంది.

"ఊరికే ఎందుకు నవ్వుతారే? పిచ్చా?" అంది.

అప్పుడన్నాను, "అత్తయ్యా, మీ అబ్బాయి పొద్దున చొక్కా తిరగేసి తొడుక్కుని డ్యూటీకి వెళ్ళాడు. కుట్లన్నీ బయటికే. బస్సు నిండా జనం చూస్తుంటారు."

"నిజంగానా?"

"మీ మీద ఒట్టు."

అంతే. పొట్ట పట్టుకుని నవ్వింది. దర్జీ కొడుకు చొక్కా తిరగేసుకోవడమా! కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. నేను నొక్కేశాను. నా చేత్తో తీసినవాటిల్లో అంతకంటే మంచి ఫోటో లేదని ఇప్పటికీ అంటాను.

ఆటలు మొదలవడానికి ఇరవై రోజులుందనగా, ఒక పొద్దున లారీల్లో ఇనుప గొట్టాలు దిగాయి. మధ్యాహ్నానికి రోడ్డు పొడుగునా, దుకాణాలకి రెండడుగుల ముందు, గొట్టాలు పాతి పట్టాలు కట్టేశారు. ఒక్కో పట్టా మీద ఒక్కో మొహం. నేను తీసిన మొహాలే! కింద పెద్ద అక్షరాలు: 'మా చిరునవ్వే మీకు స్వాగతం.'

మొదట్లో అందరం మురిసిపోయాం, దాచడమెందుకు. తాళాలాయన తన బొమ్మ పక్కన నిలబడి మీసం దువ్వుకున్నాడు. మా ఆయన బస్సు నెమ్మది చేసి మరీ 'మా అమ్మ' అని ప్రయాణికులకి చూపించాడట. ఆ మురిపెం సాయంత్రం దాకా కూడా ఆగలేదు. జిప్పు పోయిన ప్యాంటు చేత్తో పట్టుకుని ఒకావిడ నా స్టూడియోకి వచ్చింది.

"ఎదురుగా మిషను పెట్టుకునే ఆవిడ లేదా? ఇప్పుడెక్కడ కూర్చుంటోంది?"

"ఆ నోటి వెనకే" అన్నాను.

అన్నాక గానీ నాకు బుర్ర వెలగలేదు. రోడ్డు దాటి వెళ్ళాను. పట్టాల చివర మనిషి పక్కకి తిరిగితే దూరేంత సందు వదిలారు. లోపల గోడకీ పట్టాలకీ మధ్య నలభై మంది, గాలి లేదు, బేరం లేదు. బయటంతా నవ్వులే. తాళాలాయన మీసం దిగిపోయి ఉంది.

"మనల్ని మనతోనే కప్పెట్టారు కదమ్మా" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కార్డులబాబు ఎక్కడున్నాడో వెతికి పట్టుకున్నాను.

"ఏంటయ్యా ఇది? మనుషుల్ని లోకానికి చూపిస్తానన్నావు, తెర కట్టావేంటి?"

"అందం కోసం మేడమ్. దేశదేశాల నుంచి కెమెరాలొస్తాయి. రోడ్డు నీటుగా ఉండాలి."

"మనుషులు కనపడితే నీటు కాదా?"

"కనపడుతున్నారుగా మేడమ్. మీరు తీసిన మనుషులే!"

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఆ నవ్వు మా ఇంటిది. నా మొగుడి తిరగేసిన చొక్కా కోసం నవ్విన నవ్వు. దాన్ని తీసుకెళ్ళి ఆవిడ మొహాన్నే మూసే తలుపు చేశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. వారానికి గోడ మీద కాగితం అంటించారు. ఆటలయ్యేదాకా దుకాణాలు ఖాళీ చెయ్యాలట. తర్వాత గోడ బాగుచేసి చోట్లు మళ్ళీ ఇస్తారట, అదీ ఇక్కడ ముందు నుంచీ ఉన్నామని రుజువు చూపించిన వాళ్ళకే. అంతకు ముందురోజే సర్వేవాళ్ళు కారులో వచ్చి రోడ్డు మీద నుంచే చూసి, 'ఈ రోడ్డులో దుకాణాలు కనపడలేదు' అని రాసుకుపోయారు. కట్టింది వాళ్ళే, కనపడలేదన్నదీ వాళ్ళే!

మా ఆయన మిషను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ముందుగదిలో కిటికీ కింద పెట్టాం. నేనూ అత్తయ్యా కమిటీ ఆఫీసుకి వెళ్ళాం. కార్డులబాబు మర్యాదగానే కుర్చీలు చూపించాడు.

"కాగితం ఏదైనా ఉందామ్మా?"

"ముప్ఫై ఏళ్ళల్లో ఎవరూ అడగలేదు బాబూ" అంది అత్తయ్య.

"పోనీ, ఆ చోట మీ దుకాణం ఉన్నట్టు ఒక్క ఫోటో అయినా చాలు."

నాకు నవ్వొచ్చింది. "ఫోటోలవాళ్ళని పట్టుకుని ఫోటో అడుగుతున్నావా? సాయంత్రానికి సంచెడు తెస్తాను, ఉండు" అని లేచాను.

ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. అత్తయ్య ఫోటోలు, మా పెళ్ళిరోజు ఫోటోలు, అన్నీ స్టూడియోలో తీసినవే. అన్నిటి వెనకా తెలుపు. నలభై మందిని వాళ్ళ వాళ్ళ చోట్లలో కూర్చోబెట్టి తీశానే, వాటి వెనకా తెలుపే. గోడ ఏది? గేటు ఏది? మిషను ఏది? సరిగ్గా అక్కడే నిలబడి, నా చేత్తో నేనే, నలభై దుకాణాల మీద గుడ్డ దించాను. గుడ్డ దించకముందు తీసిన ట్రయల్స్‌లో అన్నీ ఉండేవి. ఆ సాయంత్రమే తుడిచేశాను. శుభ్రంగా.

అయినా పట్టుకెళ్ళాను. కార్డులబాబు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"చాలా బాగా తీశారు మేడమ్. కానీ వెనక ఏమీ లేదు. ఇవి ఎక్కడ తీశారో ఎలా తెలుస్తుంది?"

"తెలుపు కావాలని అడిగింది మీరే కదయ్యా!"

"అది డిజైన్ కోసం మేడమ్. ఇది రికార్డు కోసం."

టేబుల్ మీదున్న గాజు పేపర్‌వెయిట్ మీద నా చెయ్యి పడింది. విసిరేదాన్నే, చెయ్యి తీసేశాను. ఆ విషయం గొప్పగా చెప్పుకోవడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

ఇంటికొస్తే అత్తయ్య కిటికీ దగ్గర మిషను పక్కన కూర్చుని ఉంది. చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే ప్రాణం హాయిగా ఉండేది. ఆవిడ కిమ్మనలేదు. ఆ రోజూ, మర్నాడూ, ఆ పై వారమూ అంతే. టీ చల్లగా ఉన్నా తాగేసింది. దువ్వెన దాచలేదు. కిటికీలోంచి రోడ్డవతల తన నవ్వుమొహాన్ని చూస్తూ కూర్చునేది. మా ఆయన ఇంటికొచ్చి, ఈ నిశ్శబ్దం భరించలేక రేడియో పెట్టేవాడు. రేడియో నిండా ఆటలే. నేను లేచి కట్టేసేదాన్ని.

ఆటలు మొదలై నాలుగు రోజులైంది. నేనింక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, తప్పు నాది. మీ చోటు నేనే చెరిపేశాను. ఒక్క మాట అనండి, పుణ్యముంటుంది."

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. రెండుసార్లు తప్పింది, మూడోసారి ఎక్కింది.

"ఆ గుడ్డకి అంచు కుట్టింది నేనే కదే" అంది. "ముడత పడకూడదన్నావని రెండేసి కుట్లు వేశాను." దారం కొస తుంపి, "పరుగుపందెం ఎప్పుడు?" అని అడిగింది.

"ఎల్లుండి పొద్దున. ఈ రోడ్డు మీదే పోతారు."

"బస్సులు తిరగవుగా ఆవేళ?"

"తిరగవు."

"అయితే వాడు ఇంట్లోనే ఉంటాడు" అని, పెట్టెలోంచి పెద్ద కత్తెర తీసి, పదును చూసుకుంది.

ఎల్లుండి రానే వచ్చింది. తెల్లారేసరికి రోడ్డుకి ఈవలివైపంతా జనం. తాడు కట్టి మమ్మల్ని ఇటే ఆపారు. దేశదేశాల కెమెరాలవాళ్ళు నిచ్చెనలేసుకుని కూర్చున్నారు. మేం ముగ్గురం మాత్రం చీకటితోనే లేచి, ఎవరూ రాకముందే మిషనుని ఆ సందులోంచి లోపలికి చేర్చాం. మా ఆయన నసిగాడు.

"అమ్మా, గొడవలవుతాయేమోనే."

"నువ్వు చొక్కా సరిగ్గా తొడుక్కున్నావో లేదో చూసుకో. ఇవాళ లోకమంతా చూస్తుంది" అంది అత్తయ్య.

వాళ్ళిద్దరినీ లోపల వదిలి నేను కెమెరాతో ఇవతలికొచ్చి తాడు దగ్గర నిలబడ్డాను. కెమెరాలోంచి చూస్తే పట్టా మీద అత్తయ్య నవ్వుతోంది. దూరంగా చప్పట్లు మొదలయ్యాయి, పరుగువాళ్ళు వంతెన దిగుతున్నారని ఎవరో అరిచారు. అప్పుడు, పట్టా మీద ఆవిడ పాపిట దగ్గర, కత్తెర మొన బయటికొచ్చింది.

కంగారేం లేదు. సుద్దముక్కతో గీత గీసుకుని కోసినట్టే ఉంది, గీత గీసే ఉంటుంది. పైన అడ్డంగా, రెండు పక్కలా నిలువుగా, మెడ కింద మళ్ళీ అడ్డంగా. నవ్వుమొహం మొత్తం ఒక్క ముక్కగా లోపలికి వెళ్ళిపోయింది. ఆ కన్నంలో అసలు మొహం. ముక్కు మీద కళ్ళద్దాలు, పళ్ళ మధ్య దారప్పోగు. నవ్వడం లేదు. కోసిన ముక్క అంచుని లోపలికి మడిచి మిషను మీద కుట్టడం మొదలుపెట్టింది, చిరుగు పాకకుండా. ఆ కోపంలో కూడా అంచు మడవడం మర్చిపోలేదు మా అత్తయ్య!

పరుగువాళ్ళు వచ్చారు. ఆవిడ తలెత్తి చూడలేదు. మిషను తొక్కుతోంది. నేను నొక్కుతూనే ఉన్నాను. ఆవిడ వెనక రాళ్ళగోడ, గోడ మీద ఎర్ర రంగులో మూడో గేటు అంకె, ముందు పరుగువాళ్ళ భుజాలు, అన్నీ వచ్చాయి. ఒక్కటీ చెదరలేదు. ట్రయల్ కూడా ఉంచాను.

అవతల్నుంచి తాళాలాయన గొంతు వినపడింది. అందరూ ఎప్పుడొచ్చి చేరారో!

"నాదీ కొయ్యమ్మా! మీసం దగ్గర వంకర పోనివ్వకు!"

"నాది నేను కోసుకుంటాను" అని గొడుగులక్క.

ఆఖరి పరుగువాళ్ళు వచ్చేసరికి అయిదు కన్నాలు, అయిదు మొహాలు. నిచ్చెనల మీద కెమెరాలవాళ్ళు పరుగువాళ్ళని వదిలేసి అటు తిరిగారు. అప్పుడొచ్చాడు కార్డులబాబు, ముందున్నవాళ్ళకంటే వేగంగా పరిగెత్తుకుంటూ, కార్డులు వీపు మీదికి ఎగురుతుండగా.

"ఏంటిది? ఏంటమ్మా ఇది!"

అత్తయ్య కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"జిప్పు పోయిందా బాబూ? లోపలికి రా, వేస్తాను."

తాడు దగ్గరున్న జనం గొల్లుమన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకో అడక్కండి.

నాలుగో రోజున ఆ ఫోటోలన్నీ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. గోడ, గేటు, మిషను, మనిషి. ఇంకేం కావాలి? కార్డులబాబు చూశాడు, పక్కన పెట్టాడు.

"ఇవి ఖాళీ చెయ్యమన్నాక తీసినవి మేడమ్. అప్పుడక్కడ దుకాణమే లేదు. చెల్లవు."

దారి పొడుగునా పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను. గుమ్మంలో మా ఆయన ఒక కవరు చేత్తో పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. నోటీసు. కమిటీ ముద్ర, సంతకం, అన్నీ ఉన్నాయి. నేను అక్కడే నిలబడి గబగబా చదివేశాను.

"అలంకరణ పట్టాను కోసి పాడుచేసినందున, వారం రోజులలో ఆఫీసుకు హాజరై సంజాయిషీ ఇవ్వవలెనట! విన్నారా అత్తయ్యా? చోటు లాక్కుని, మొహం లాక్కుని, సంజాయిషీ కూడా మనమే ఇవ్వాలట! వీళ్ళ దుంపతెగ, నేను ఇప్పుడే వెళ్ళి..."

"ఆగు" అంది అత్తయ్య. "మధ్యలోంచి చదువుతావేం? పైనుంచి చదువు. మెల్లిగా."

పైనుంచి చదివాను. రెండో వరుసకొచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. అత్తయ్య లేచి వచ్చి నోటీసు నా చేతిలోంచి తీసుకుంది. మడవలేదు. గోడకున్న అద్దానికీ దాని ఫ్రేముకీ మధ్య నిలువుగా దోపి, "మిగతా నలుగురికీ వచ్చాయేమో కనుక్కురా. ఎవర్నీ చింపనివ్వకు" అంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

వారం నాటికి అయిదుగురమూ వెళ్ళాం, అంటే వాళ్ళయిదుగురూ, నేను కెమెరాతో. ఆఫీసు గదిలో కార్డులబాబు కాక ఇంకో ఇద్దరు పెద్ద అధికారులున్నారు. కార్డులబాబు సంజాయిషీ పత్రం కోసం చెయ్యి చాపాడు. అత్తయ్య నోటీసే అతని చేతిలో పెట్టింది.

"ఇది మేమిచ్చిందే కదమ్మా."

"మీరిచ్చిందే. సంతకం కూడా మీదేనా?"

"నాదే."

"అయితే చదవండి బాబూ. నాకు చూపు ఆనదు."

మిషను సూదిలో దారం ఎక్కించే మనిషి! నేను పెదవి కొరుక్కున్నాను. అతను గొంతు సవరించుకున్నాడు.

"స్టేడియం ప్రహరీగోడకు ఆనుకొని, మూడవ గేటు పక్కన, ఎంతో కాలముగా కుట్టుమిషను దుకాణము నడుపుచున్న మీరు..."

ఆగిపోయాడు. అదే వాక్యాన్ని కళ్ళతో మళ్ళీ చదువుకున్నాడు. నేరం గట్టిగా నిలవాలని ఎవరో గుమాస్తా ఒళ్ళు వంచి రాసిన ముక్క అది. పెద్ద అధికారులిద్దరూ తలలెత్తారు. వెనక తాళాలాయన తన నోటీసు విప్పాడు. గొడుగులక్క విప్పింది. మిగతా ఇద్దరూ విప్పారు.

"చదవండి బాబూ, ఆగారేం?" అంది అత్తయ్య. "గట్టిగా చదవండి. వెనకున్నవాళ్ళు వినాలి."

అతను మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఈసారి గొంతు లోపలికి పోయింది. ముప్ఫై ఏళ్ళ చోటు అతని నోట్లోంచి ఒక్కొక్క మాటగా బయటికొస్తుంటే, అత్తయ్య నా వైపు తిరిగింది. నెల రోజుల తర్వాత ఆ కళ్ళల్లో పాత కొంటెతనం చూశాను.

"విన్నావుటే?" అంది.

"వినపడలేదు అత్తయ్యా" అన్నాను, కెమెరా పైకెత్తుతూ. "ఇంకోసారి చదవమనండి."